వెచ్చగాలి హీటింగ్ డక్టుల్లో దుమ్ము తీయడం: మొదటి స్క్రూ నుంచి చివరి పరీక్ష దాకా

డక్టులో పేరుకున్న దుమ్ముతో ఒక చిక్కుంది. రేకుకు అంటుకుని ఉన్నంతకాలం అది పెద్దగా ఎవరి జోలికీ రాదు. బ్రష్షు పెట్టి కదిపాకే తంటా మొదలవుతుంది. కదిపిన దుమ్మును అక్కడికక్కడే పీల్చెయ్యకపోతే, తర్వాత ఫ్యాను వేసిన మొదటి పది నిమిషాల్లో అదంతా గదుల్లోకి దిగుతుంది. అందుకే ఈ పనిలో బ్రష్షు కంటే వాక్యూమ్ ముఖ్యం. రెండూ ఒకేసారి, ఒకే చోట పనిచేయాలి.

ఫర్నేస్‌లో గాలిని వేడిచేసి, బ్లోవర్‌తో డక్టుల గుండా గదులకు పంపే వ్యవస్థల కోసం రాసినది ఇది. ఫర్నేస్ గ్యాస్‌దైనా, ఆయిల్‌దైనా, కరెంటుదైనా డక్టుల వరకు పని ఒకటే. గాలి తిరిగే దారి ముందే తెలుసుకుంటే మిగతాదంతా సులువు. గదిలోని చల్లగాలి రిటర్న్ గ్రిల్ గుండా లోపలికి వెళ్తుంది, రిటర్న్ డక్టులో ప్రయాణించి ఫిల్టర్ దాటి బ్లోవర్‌ను చేరుతుంది, వేడెక్కి ఫర్నేస్‌కు అతికి ఉన్న పెద్ద గాలిపెట్టెలోకి, అంటే సప్లై ప్లీనమ్‌లోకి, అక్కడి నుంచి పెద్ద ట్రంక్ డక్టులోకి, దాని నుంచి చీలిన చిన్న డక్టుల ద్వారా రిజిస్టర్ల దాకా, అంటే గదుల్లో వెచ్చగాలి బయటికి వచ్చే జాలీ మూతుల దాకా వస్తుంది. ఫిల్టర్‌కు ముందున్న భాగం కాబట్టి రిటర్న్ వైపే ఎప్పుడూ ఎక్కువ మురికి. సప్లై వైపు కూడా అంతే దుమ్ము కనిపించిందంటే ఫిల్టర్‌ను తప్పించుకుని గాలి ఎక్కడో పక్కదారి పడుతోందని అర్థం. ఆ సందు మూయకుండా ఎంత ఊడ్చినా మళ్లీ అదే కథ.

## ముందు చూడండి

ఏటా డక్టులు శుభ్రం చేయించాలన్న నియమం ఏదీ లేదు. డక్టులు శుభ్రం చేస్తే ఆరోగ్య సమస్యలు రాకుండా ఆగుతాయని రుజువు కాలేదనీ, లెక్క ప్రకారం ఇన్నేళ్లకోసారి అని కాకుండా అవసరం పడినప్పుడే చేయించుకోవాలనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతుంది. డక్టు లోపల కంటికి కనిపించే బూజు, ఎలుకలో పురుగులో చేరిన ఆనవాళ్లు, దుమ్ముతో డక్టు పూడుకుపోయి రిజిస్టర్ల నుంచి రేణువులు గదిలోకి రావడం: ఈపీఏ లెక్కలో అవసరం అంటే ఇవి. వీటికి తోడు, ఇంట్లో గోడలు, సీలింగు పనులు జరుగుతున్నప్పుడు హీటింగ్ నడిచి ఉంటే జిప్సమ్ పొడి లోపల చేరే ఉంటుంది. అది మామూలు ఇంటి దుమ్ము కంటే సన్నగా, బరువుగా ఉండి మలుపుల్లో గట్టిగా పేరుకుంటుంది.

రెండు సప్లై రిజిస్టర్లు, ఒక రిటర్న్ గ్రిల్ ఊడదీయండి. ఫోన్‌లో ఫ్లాష్ వెలిగించి, వీడియో పెట్టి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తిప్పండి. రేకు మీద పల్చటి బూడిదరంగు పొర ఉంటే అది మామూలే, గ్రిల్ కడిగి బిగించేయండి. వేలితో లాగితే బొంతలా లేచి వచ్చేంత నూగు ఉన్నా, మలుపు దగ్గర కుప్పలు కనిపించినా పని పెట్టుకోవచ్చు. రిటర్న్ గ్రిల్ పుల్లల మీద కాస్త నూగు పట్టడాన్ని బట్టి లోపలి సంగతి తేల్చవద్దు, అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

చూసేటప్పుడే డక్టు దేనితో చేసిందో గమనించండి. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో దాన్ని బట్టే ఉంటుంది.

రేకు డక్టయితే నైలాన్ బ్రష్షు నిర్భయంగా వాడవచ్చు. స్ప్రింగు తీగ చుట్టూ ప్లాస్టిక్ పొర ఉన్న ఫ్లెక్స్ డక్టులో తిరిగే బ్రష్షు పెట్టవద్దు. లోపలి పొర చిరిగితే వెచ్చగాలి ఇన్సులేషన్‌లోకి పోతుంది, బయటి నుంచి ఏమీ కనిపించదు. అందులో మెత్తటి కుచ్చు ఉన్న వాక్యూమ్ గొట్టం మాత్రమే. బాగా మురికిపడిన ఫ్లెక్స్ ముక్కను శుభ్రం చేయడం కంటే మార్చడమే తక్కువ శ్రమ. లోపల ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న డక్టులో కూడా బ్రష్షు రుద్దితే పీచు లేచి గాలిలో కలుస్తుంది. దాని మీద వాక్యూమ్ కుచ్చును తేలికగా జరపడమే చేయగలిగేది. ఆ పొర తడిసి బూజు పట్టి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, తీసేసి కొత్తది వేయాల్సిందే.

## ఎక్కడ ఆగిపోవాలి

1980కి ముందు కట్టిన ఇళ్లలో డక్టు అతుకుల మీద తెల్లటి గుడ్డలాంటి టేపు, డక్టు చుట్టూ ముడతల కాగితం లాంటి చుట్ట, నేలలో బూడిదరంగు సిమెంటు గొట్టాలు కనిపిస్తే అవి ఆస్బెస్టాస్ కావచ్చు. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. ఫలితం వచ్చేదాకా గీకవద్దు, చింపవద్దు, ఆ డక్టును తట్టవద్దు, వాక్యూమ్ పెట్టవద్దు.

ఎలుక పెంటికలు ఉంటే పొడిగా ఊడ్చడం, వాక్యూమ్ పట్టడం రెండూ ప్రమాదమే. ఆ ధూళి పీల్చడం వల్ల హాంటావైరస్ సోకే ముప్పుంది. రిజిస్టర్ మూతి దగ్గర నాలుగు పెంటికలయితే ఒక పాలు బ్లీచుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, పూర్తిగా తడిసేలా చల్లి, 5 నిమిషాలు ఆగి, గ్లవ్స్ వేసుకుని కాగితపు తువాలుతో ఎత్తేయాలి. లోపలెక్కడో గూడు ఉందని అనుమానం ఉంటే నిపుణులను పిలవండి.

బూజు విషయంలో ముందు తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. ఏసీ కాయిల్ కింద పళ్లెం నిండి పొర్లడం, చల్లటి అటకలో ఇన్సులేషన్ లేని డక్టు చెమ్మగిల్లడం, నేలలోని డక్టులోకి నీరు ఊరడం తరచుగా కనిపించే కారణాలు. తేమ ఆగకపోతే తుడిచిన బూజు మళ్లీ వస్తుంది. బూజు దాదాపు చదరపు మీటరు మించి వ్యాపించి ఉంటే మీరు ముట్టుకోవద్దు.

## సామాన్లు

షాప్ వాక్యూమ్ (వర్క్‌షాపుల్లో వాడే పెద్ద డబ్బా వాక్యూమ్) ఒకటి కావాలి. దానికి సన్నటి దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్, లోపల బట్టలాంటి ఫ్లీస్ సంచి తప్పనిసరి. మామూలు ఫిల్టర్‌తో ముందు నుంచి పీల్చిన సన్నటి దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. హెపా దొరక్కపోతే వాక్యూమ్‌ను బాల్కనీలోనో కిటికీ అవతలో పెట్టి పొడవైన గొట్టంతో పనిచేయండి. జిప్సమ్ పొడి ఉన్న ఇంట్లో సంచి లేకుండా మొదలుపెడితే ఫిల్టర్ పది నిమిషాల్లో పూడుకుపోతుంది, పీల్చే బలం తగ్గిన సంగతి మీరు గమనించే సరికి సగం డక్టు అయిపోయి ఉంటుంది.

తర్వాత, డ్రిల్లుకు తగిలించే వంగే కడ్డీలు, నైలాన్ బ్రష్షు. బట్టల డ్రైయర్ గొట్టం శుభ్రం చేయడానికి అమ్మే కిట్టు సరిపోతుంది. కడ్డీలు సాధారణంగా ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు ఉంటాయి, ఆరు కలిపితే 3.6 మీటర్లు. బ్రష్షు డక్టు వ్యాసానికి సమానంగా ఉండాలి. 150 మిల్లీమీటర్ల డక్టుకు 150 బ్రష్షు. పెద్దదైతే బాగా రుద్దుతుందనుకుంటారు గానీ, మలుపులో బిగుసుకుపోయి కడ్డీ విరుగుతుంది.

ఇంకా: ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, కోతకు ఆగే గ్లవ్స్, స్క్రూడ్రైవర్, షట్కోణ తల స్క్రూలు విప్పే నట్ డ్రైవర్, టార్చి, మెత్తటి పెయింట్ కుంచె, గట్టి అట్టలు, ప్లాస్టిక్ షీటు, గోడ రంగు ఊడదీయని మాస్కింగ్ టేపు, అల్యూమినియం ఫాయిల్ టేపు, అతుకుల సందులు మూయడానికి పూసే ముద్ద (డక్ట్ మాస్టిక్) ఒక డబ్బా, సరైన సైజు కొత్త ఫిల్టర్లు రెండు. రెండెందుకో చివర్లో తెలుస్తుంది. గ్లవ్స్ మాత్రం మరవవద్దు. కోసిన రేకు అంచు బ్లేడుతో సమానం, పైగా డక్టు లోపల స్క్రూ మొనలు సెంటీమీటరు దాకా పొడుచుకుని ఉంటాయి.

## అన్నీ ఆపడం, మూతులు మూయడం

థర్మోస్టాట్‌ను ఆఫ్ చేయండి. ఫర్నేస్ పక్కనున్న స్విచ్చు, ప్యానెల్‌లో దాని బ్రేకర్ రెండూ దించండి. గ్యాస్ ఫర్నేస్ అయితే దాని ముందున్న వాల్వ్ కట్టేయండి, ముఖ్యంగా ఎప్పుడూ వెలుగుతూ ఉండే పైలట్ మంట ఉన్న పాత రకమైతే. మళ్లీ వెలిగించే పద్ధతి ఫర్నేస్ తలుపు లోపలి స్టిక్కరు మీద ఉంటుంది, ఆర్పకముందే చదివి ఉంచుకోండి. లోపలి భాగాలు చల్లారడానికి కనీసం అరగంట వదలండి.

ఈలోగా ఇంట్లో ఉన్న రిజిస్టర్లన్నీ, గ్రిల్స్ అన్నీ లెక్కపెట్టి, ప్రతిదానికీ టేపు ముక్క అంటించి గది పేరు, నంబరు రాయండి. ఒకేలా కనిపించినా స్క్రూ రంధ్రాలు, గాలిని తగ్గించే డ్యాంపర్ రెక్కలు కలవవు. పని జరిగే ఒక్క మూతి తప్ప మిగతావన్నీ ప్లాస్టిక్ షీటు, టేపుతో మూసేయాలి. దీనికి రెండు ప్రయోజనాలు: కదిపిన దుమ్ము పక్క గదిలో తేలదు, వాక్యూమ్ బలమంతా ఆ ఒక్క దారిలోనే పనిచేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ట్రంక్ నుంచి చీలే చోట చిన్న డక్టు మీద ఒక పిడి కనిపిస్తుంది. అది బ్యాలెన్సింగ్ డ్యాంపర్, ఏ గదికి ఎంత గాలి వెళ్లాలో నిర్ణయించేది. ఇప్పుడు అది ఏ కోణంలో ఉందో మార్కర్‌తో రేకు మీదే గీత గీయండి. శుభ్రం చేయడానికి దాన్ని డక్టుకు సమాంతరంగా పూర్తిగా తెరవాలి, తర్వాత గీత దగ్గరికి తేవాలి. ఈ గీత గీయని ఇళ్లలోనే పని అయిన వారానికి ఒక పడకగది ఉడికిపోవడం, ఇంకోటి వణికిపోవడం జరుగుతుంది.

## గ్రిల్స్, రిజిస్టర్లు

గోడ రంగుతో కలిసి అతుక్కుపోయి ఉంటే అంచు చుట్టూ కత్తితో గీతపెట్టాకే ఊడదీయండి, లేకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. ముందు పొడి దుమ్ము వాక్యూమ్‌తో తీసి, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి 20 నిమిషాలు నానబెట్టి కడగండి. పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉక్కు తుప్పు పడుతుంది, తడి మూలలో దుమ్ము మళ్లీ ముద్దకడుతుంది.

## రిటర్న్ వైపు నుంచి మొదలు

గాలి నడిచే దారినే పని కూడా నడవాలి: రిటర్న్, బ్లోవర్ గది, ఆ తర్వాత సప్లై. తిరగేసి చేస్తే ముందు శుభ్రం చేసిన చోటికి వెనక నుంచి దుమ్ము వచ్చి చేరుతుంది. పాత ఫిల్టర్‌ను ఇప్పుడే తీయవద్దు. రిటర్న్ పని జరుగుతున్నంతసేపూ బ్లోవర్‌కు అదే అడ్డుగోడ.

రిటర్న్ డక్టు అన్ని ఇళ్లలో రేకుతో ఉండదు. కొన్నిచోట్ల గోడలోని చెక్క నిలువుల మధ్య ఖాళీనే రిటర్న్‌గా వాడతారు. అందులో జిప్సమ్ బోర్డు వెనకభాగం, మేకులు, ఒక్కోసారి వైర్లు ఉంటాయి. అక్కడ తిరిగే బ్రష్షు వద్దు, వాక్యూమ్ గొట్టం చాలు. రేకు రిటర్న్ అయితే గ్రిల్ మూతి దగ్గర చేతికి అందినంత మేర కుంచెతో కదుపుతూ పక్కనే గొట్టం పెట్టి పీల్చండి. ఆ తర్వాతే కడ్డీలు.

ఎక్కువ చెత్త దొరికేది ఫర్నేస్ పక్కన నిలువుగా దిగే పెద్ద రిటర్న్ డక్టు అడుగున, ఫిల్టర్‌కు కాస్త ముందు. బరువైనదంతా మలుపు తిరగలేక అక్కడే రాలిపోతుంది. చెక్కపొట్టు, మేకులు, జుట్టు ఉండలు, పిల్లల బొమ్మ ముక్కలు అన్నీ అక్కడే ఉంటాయి. ఫిల్టర్ గూడు తెరిచి, పాత ఫిల్టర్‌ను పక్కలకు దుమ్ము రాలకుండా నిటారుగా లాగి, వెంటనే సంచిలో వేసి మూతికట్టండి. అడుగంతా వాక్యూమ్ చేశాక ఫిల్టర్ పట్టాలను కూడా తుడవండి. ఆ పట్టాల మీద మురికి గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఫిల్టర్ చుట్టూ గాలి తప్పించుకుపోతున్న చోటు సరిగ్గా అదే.

## బ్లోవర్ గది

కరెంటు నిజంగా పోయిందో లేదో టెస్టర్‌తో మరోసారి చూడండి. మోటారు పక్కన స్థూపంలా కెపాసిటర్ ఉంటే దాని కొనలు ముట్టవద్దు, కరెంటు తీశాక కూడా అందులో ఛార్జి నిలిచి ఉంటుంది.

తలుపు తీసి అడుగున, మూలల్లో ఉన్న నూగంతా పీల్చండి. తర్వాత టార్చి వెలుగులో బ్లోవర్ చక్రం రెక్కలు చూడండి. ఒక్కో రెక్క చిన్న వంపుతో ఉంటుంది. ఆ వంపులో దుమ్ము నిండితే చక్రం అదే వేగంతో తిరుగుతున్నా తోసే గాలి తగ్గిపోతుంది. డక్టులన్నీ మెరిసేలా చేసినా గదిలోకి గాలి రాలేదంటే చాలాసార్లు దోషం ఇక్కడే. పాత టూత్‌బ్రష్‌తో రెక్క పొడవునా ఒక్కొక్కటీ గీకుతూ, సన్నటి ముక్కు ఉన్న గొట్టంతో పీల్చండి. రెక్కల మీద అక్కడక్కడ చిన్న లోహపు క్లిప్పులు కనిపిస్తే అవి చక్రం సమతూకం కోసం పెట్టినవి, చెత్త అనుకుని తీసేస్తే ఆపైన బ్లోవర్ దడదడలాడుతుంది.

చెయ్యి అందకపోతే బ్లోవర్ మొత్తాన్ని బయటికి లాగవచ్చు. చాలా ఫర్నేస్‌లలో అది రెండు స్క్రూలతో పట్టాల మీద కూర్చుని ఉంటుంది. వైర్లు విప్పేముందు ఫొటో తీయండి. బరువుగా ఉంటుంది, ఇద్దరుండాలి. ఇందులో అలవాటు లేకపోతే ఈ ఒక్క పనీ టెక్నీషియన్‌కు వదిలేయడం మంచిది.

బర్నర్లు, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్, పొగగొట్టం జోలికి వెళ్లవద్దు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పగులు కనిపించినా, ఎర్రటి తుప్పు పొడి రాలుతున్నా ఫర్నేస్ వెలిగించకుండా మెకానిక్‌ను పిలవాలి. ఆ పగులు గుండా వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన లేదు. ఫర్నేస్ పైన ఏసీ కాయిల్ ఉంటే దాని రేకు పొరలు కాగితంలా వంగిపోతాయి. పొరల నిలువు దిశలోనే మెత్తటి కుచ్చుతో తేలికగా పీల్చండి. తడి మురికి పట్టిన కాయిల్ కడగడం వేరే పని.

## సప్లై డక్టులు

ఇక్కడ కదిలి మిగిలిపోయిన దుమ్ముకు ముందు ఫిల్టర్ లేదు, నేరుగా గదిలోకే. కాబట్టి రిటర్న్ దగ్గర కంటే రెట్టింపు ఓపిక కావాలి.

ఫర్నేస్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. మూతి సైజుకు అట్ట కోసి, అందులో రెండు రంధ్రాలు చేయండి: ఒకటి వాక్యూమ్ గొట్టం బిగుతుగా పట్టేంత, రెండోది బ్రష్షు కడ్డీ దూరేంత. బ్రష్షును ముందు డక్టులో పెట్టి, కడ్డీని రంధ్రంలోంచి బయటికి తీసి, అట్టను మూతికి టేపుతో అంటించండి. గొట్టం చుట్టూ సందు కూడా టేపుతో మూయండి. ఇప్పుడు బ్రష్షు రాల్చిన ప్రతి రేణువుకూ బయటికి దారి వాక్యూమ్ ఒక్కటే. ఐదు నిమిషాల ఈ ఏర్పాటుతోనే పని ఫలితం సగం తేలిపోతుంది.

డ్రిల్లు ఎప్పుడూ కుడివైపుకే తిరగాలి. రివర్స్ నొక్కితే కడ్డీల మరలు విడిపోయి బ్రష్షు లోపలే ఉండిపోతుంది. ప్రతి కడ్డీ అతుకు మీద రెండు చుట్లు టేపు వేస్తే భద్రం. తక్కువ గేరులో, నెమ్మదిగా తిప్పుతూ, ఒక అడుగు ముందుకు, సగం అడుగు వెనక్కి జరుపుతూ వెళ్లండి. ప్రతి మీటరుకూ ఆగి పది సెకన్లు వాక్యూమ్‌ను ఒంటరిగా పనిచేయనివ్వండి. బయటికి లాగేటప్పుడు కూడా తిరుగుతూనే లాగాలి.

మధ్యలో కడ్డీ మెలితిరుగుతూ డ్రిల్లు మూలిగిందంటే బ్రష్షు స్క్రూ మొనకో, డ్యాంపర్ ఇరుసుకో తగులుకుంది. వెంటనే ఆపండి. డ్రిల్లు ఊడదీసి, కడ్డీని చేత్తో కుడివైపుకే పావు చుట్టు తిప్పుతూ లాగితే సాధారణంగా వచ్చేస్తుంది. డ్యాంపర్ ఇరుసు డక్టుకు అడ్డంగా ఉంటుంది కాబట్టి బ్రష్షు దాన్ని దాటలేదు. ఆవలి భాగాన్ని ట్రంక్ వైపు నుంచి చేయాలి.

అన్ని చిన్న డక్టులూ అయ్యాక ట్రంక్. చిన్న డక్టుల్లోంచి తోసుకొచ్చిన దుమ్ము కొంత దాని అడుగున పడి ఉంటుంది. లోపలికి వెళ్లే సులువైన దారి ట్రంక్ చివరి మూత: నాలుగైదు స్క్రూలు విప్పి, టేపు కోస్తే ఊడి వస్తుంది. పొడవైన గొట్టంతో ఫర్నేస్ వైపుకు వెళ్లి, వెనక్కి లాక్కుంటూ రండి. గొట్టం అందని పొడవుంటే రేకులో తనిఖీ కిటికీ కోయాల్సి వస్తుంది. అది ఒట్టి రేకు డక్టులో వంపులేని తిన్నని భాగంలోనే చేయాలి, ఫర్నేస్‌కు, ఏసీ కాయిల్‌కు దూరంగా. కోతకు నాలుగు వైపులా 25 మిల్లీమీటర్లు పెద్దదైన రేకు ముక్కతో మూసి, స్క్రూలు బిగించి, అంచుల వెంట మాస్టిక్ పూయాలి.

నేలలో రిజిస్టర్లు ఉండి, ఫర్నేస్ గాలిని కిందికి తోసే రకమైతే ప్లీనమ్ ఫర్నేస్ కిందే ఉంటుంది. ఏళ్ల తరబడి రిజిస్టర్లలో జారిపడిన నాణేలు, పిన్నులు, ఒలికిన పానీయాలు అక్కడికే చేరతాయి. జిగట మరకలను తడి గుడ్డతో తుడిచి, ఆరాకే మూయండి. డక్టులో నీళ్లు పోయడం, చిమ్మడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

క్రిమిసంహారకాలు, సువాసన పొగలు, లోపలి పూతలు మామూలు దుమ్ముకు అనవసరం. శుభ్రంగా, పొడిగా ఉన్న రేకు మీద చంపడానికి ఏమీ ఉండదు. పిచికారీ చేసింది మాత్రం మీరు పీలుస్తారు.

## అతుకులు మూయడం

డక్టులన్నీ తెరిచి ఉన్నప్పుడే ఈ పని చేసేయాలి. మామూలు ఇళ్లలో డక్టుల్లో కదిలే గాలిలో 20 నుంచి 30 శాతం సందుల గుండా పోతుందని అమెరికాలోని ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ చెబుతుంది. సప్లై సందులో పోయేది వెచ్చదనం. రిటర్న్ సందులోంచి అటకలోని, నేలమాళిగలోని దుమ్ము లోపలికి వస్తుంది.

డక్ట్ టేపు అనే పేరు చూసి గుడ్డ టేపు కొనవద్దు. 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ రకరకాల టేపులను వేడికీ చలికీ గురిచేసి పరీక్షిస్తే, డక్టు అతుకుల మీద ఓడిపోయింది ఆ గుడ్డ టేపే. యూఎల్ 181 (డక్టు సామాన్ల ప్రమాణం) అని ముద్రించిన అల్యూమినియం ఫాయిల్ టేపు తీసుకోండి. రేకు మీది నూనె, దుమ్ము స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అంటించి, పాత ప్లాస్టిక్ కార్డుతో గట్టిగా రుద్దండి. వంకర అతుకులకు మాస్టిక్ మేలు: సుమారు 2 మిల్లీమీటర్ల మందం, సందుకు రెండు వైపులా 25 మిల్లీమీటర్లు వచ్చేలా. సందు 6 మిల్లీమీటర్లు దాటితే ముందు ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు పెట్టి దాని మీద పూయాలి, లేకపోతే ఎండాక పగులుతుంది. ఫిల్టర్ గూడు తలుపు చుట్టూ మాత్రం మాస్టిక్ వద్దు, అది తరచూ తెరవాలి. అక్కడ నురుగు పట్టీ అతికించండి.

## మళ్లీ నడపడం

డ్యాంపర్లు గీతల దగ్గరికి తెచ్చి, మూతలన్నీ బిగించి, కొత్త ఫిల్టర్ పెట్టండి. దాని అంచు మీది బాణం బ్లోవర్ వైపు చూడాలి. బ్లోవర్ తలుపు సరిగ్గా కూర్చోకపోతే లోపలి భద్రతా స్విచ్చు నొక్కుకోదు, ఫర్నేస్ అసలు స్పందించదు. పని అయ్యాక "ఫర్నేస్ చచ్చిపోయింది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఈ తలుపే.

మొదట వేడి లేకుండా ఫ్యాన్ ఒక్కటే 15 నిమిషాలు నడపండి. రెండు మూడు సప్లై రిజిస్టర్లకు పల్చటి తెల్ల గుడ్డ కట్టి చూడండి. లేత మరక పడితే సరే. గుడ్డ మీద నూగు, గరుకు పొడి చేరితే ఆ దారిని మళ్లీ చేయాలి. ఫ్యాను వేసి, రిజిస్టర్లకు గుడ్డలు కట్టి, డక్టులను కర్రతో కొట్టడమే శుభ్రం చేయడం అని కొందరు చెబుతారు. అది పరీక్షకు పనికొస్తుంది గానీ పనికి బదులు కాదు. కొట్టిన దెబ్బకు లేచినదంతా గుడ్డలో ఆగదు.

గుడ్డలు తీసేశాకే వేడి పెట్టండి. మొదటి గంటలో కాస్త దుమ్ము కాలిన వాసన రావచ్చు. అది తగ్గకుండా ఘాటెక్కినా, ప్లాస్టిక్ కాలుతున్నట్టు ఉన్నా ఆపేయండి. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైనా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచే అత్యవసర సేవలకు ఫోన్ చేయండి.

పావుగంట నిలకడగా నడిచాక ఉష్ణోగ్రత కొలవండి. రిటర్న్‌లో గాలి వేడి ఎంత, ఫర్నేస్ దాటి మొదటి మలుపు తర్వాత సప్లైలో ఎంత. తేడా ఫర్నేస్ లేబులు మీద రాసిన పరిధిలో ఉండాలి, ఉదాహరణకు 22 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. తేడా పరిధి దాటి ఉంటే గాలి చాలడం లేదు. మూసి ఉన్న రిజిస్టరో, తీయడం మరచిన ప్లాస్టిక్ షీటో, మరీ దట్టమైన ఫిల్టరో చూడండి. ఫర్నేస్ కొద్దిసేపు వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంటే కూడా తరచుగా ఇదే కారణం: గాలి తక్కువై లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్చు మంట ఆపేస్తోంది.

రెండో ఫిల్టర్ సంగతి ఇప్పుడు. ఎంత జాగ్రత్తగా చేసినా కదిలిన దుమ్ము కొంత ఇంటి గాలిలో కలిసి రిటర్న్‌కు తిరిగి వస్తుంది. మొదటి ఫిల్టర్ వారంలోనే నల్లబడవచ్చు. ఏడో రోజు తీసి చూసి, బూడిదరంగు దట్టంగా ఉంటే మార్చేయండి.

## ఆ తర్వాత

25 మిల్లీమీటర్ల మందం ఫిల్టర్‌ను నెలకోసారి చూసి, గరిష్ఠంగా మూడు నెలలకు మార్చాలి. 100 మిల్లీమీటర్ల మందమున్నవి ఆరు నుంచి పన్నెండు నెలలు వస్తాయి. ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పే అంకె మెర్వ్; చాలా ఇళ్లకు మెర్వ్ 8 నుంచి 11 సరిపోతుంది. సన్నటి 25 మిల్లీమీటర్ల గూట్లో మెర్వ్ 13 పెట్టాలనుకుంటే, పెట్టాక పైన చెప్పిన ఉష్ణోగ్రత తేడా మళ్లీ కొలవండి. బ్లోవర్ తట్టుకోగలదో లేదో ఆ అంకె చెప్పేస్తుంది.

ఇంట్లో గోడలు రాకే పని ఉంటే ఆ రోజుల్లో హీటింగ్ ఆపి, పని జరిగే గదిలోని రిటర్న్ గ్రిల్‌ను, రిజిస్టర్లను మూసి ఉంచండి. చలికాలమై ఆపడానికి వీల్లేకపోతే ఆ గది మూతులు మూసి, ఫిల్టర్ రోజూ చూడండి.

నిపుణులను పిలిచే పరిస్థితి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. డక్టు వ్యవస్థ మొత్తాన్ని పీల్చే నెగటివ్ ప్రెషర్ యంత్రం తెస్తారా? బ్లోవర్, ప్లీనమ్, కాయిల్ కూడా పనిలో భాగమేనా, డక్టులు మాత్రమేనా? చేయకముందు, చేశాక లోపలి ఫొటోలు ఒకే చోటు నుంచి తీసి చూపిస్తారా? ఇల్లంతా గంటలో అయిపోతుందని చెప్పేవాళ్లు రిజిస్టర్ మూతుల్లో వాక్యూమ్ తిప్పి వెళ్లిపోతారు. ఆ మాత్రం పని మీ చేతిలోని గొట్టంతోనే అవుతుంది.